ఫ్రిజ్‌లో మధ్య అర

పొద్దున్నే పాల కోసం ఫ్రిజ్ తలుపు తెరిస్తే నేను మొదట అందుకునేది పాలగిన్నె కాదు. మధ్య అరలో, వెనకగా, వెలుతురు తగలకుండా పేర్చిన అట్టపెట్టెల్ని ఒకసారి చేత్తో తడిమి చూస్తాను. వాటిలో పళ్ళు తెల్లబరిచే జెల్ ఉంటుంది, చిన్న చిన్న సిరంజీల్లో. అది మహా సుకుమారం. వేడి పడదు, ఎండ పడదు, గడ్డకట్టే చలి అసలే పడదు. పై అరలో పెడితే ఫ్రీజర్ చలికి బిగుసుకుపోతుంది. తలుపులో పెడితే, తెరిచినప్పుడల్లా బయటి గాలి కొట్టి నీరసపడుతుంది. కింద కూరగాయల దగ్గర పెడితే చెమ్మకి అట్ట నానుతుంది. అందుకని మధ్య అర. మా ఇంట్లో ఆ అర పెరుగుది కాదు, నిన్న మిగిలిన కూరది కాదు, నాది అసలే కాదు. అది డాక్టరు గారిది. డాక్టరు గారంటే మా ఆయన.

మేడ మీద ఇల్లు, కింద పళ్ళ క్లినిక్. క్లినిక్‌లో ఒకప్పుడు చిన్న ఫ్రిజ్ ఉండేది. అది కొన్నాళ్ళు గురకపెట్టి, ఒకరోజు గురక మానేసింది. "మళ్ళీ కొనడం దేనికి, పైన ఉందిగా," అన్నారాయన. ఆ "పైన ఉందిగా"లో ఫ్రిజ్ ఎంత ఉందో నేనూ అంతే ఉన్నాను. అప్పటి నుంచి జెల్ పెట్టెలు రావడం, ఐసు పెట్టెలోంచి తీసి వెంటనే లోపల పెట్టడం, గడువు ముందు తీరేవి ముందుకీ తర్వాత తీరేవి వెనక్కీ సర్దడం, కరెంటు పోతే తలుపు తీయొద్దని ఇంటిల్లిపాదికీ కాపలా కాయడం, పేషెంటు వచ్చే ముందు కాసేపు బయటపెట్టి చలి విడిచాక కిందికి పంపడం, ఇవన్నీ నా పనులయ్యాయి. ఇవి కాక పరికరాలు కడిగి ఉడకబెట్టడం, పేషెంట్ల మెడకి కట్టే గుడ్డలు ఉతికి ఆరేయడం, పళ్ళ అచ్చులు పోయడం. ఇవన్నీ అయ్యాక ఎవరైనా బంధువు వచ్చి "నీకేమమ్మా, ఇంట్లోనేగా ఉండేది," అంటే అవునని నవ్వడం.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. నేనూ పళ్ళ డాక్టర్నే. ఆయనా నేనూ ఒకే కాలేజీలో, ఒకే బెంచీ మీద చదువుకున్నాం. అప్పట్లో ఆయన పన్ను పీకడానికి చెయ్యి వణికితే పక్కన నిలబడి ధైర్యం చెప్పింది నేనే. పెళ్ళయ్యాక క్లినిక్ తెరిచినప్పుడు రెండు కుర్చీలు కొన్నాం, ఒకటి ఆయనకి, ఒకటి నాకు. పాప కడుపులో పడింది. "కొన్నాళ్ళు ఆగు," అన్నారు. పాప పుట్టింది. "కాస్త పెద్దదవ్వనీ," అన్నారు. పాప పెద్దదై, చదువుకి హాస్టల్‌కి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఎవరూ ఆగమనడం లేదు, వెళ్ళమనడమూ లేదు. నా కుర్చీ మీదికి మెల్లగా దూది పెట్టెలు వచ్చాయి, ఆ తర్వాత పాత పత్రికలు, ఆ తర్వాత పాడైపోయిన ఫ్యాను. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. మా ఇంట్లో అత్తయ్య పన్ను నొప్పికి కూడా కొడుకు తీరిక కోసమే కాచుక్కూర్చునేది, నేను పక్కనే కూరలు తరుగుతున్నా.

ఇలా మొదలుపెట్టానని ఇదంతా ఏడుపు అనుకోకండి. నేను ఇది కృతజ్ఞతతో రాస్తున్నాను. కృతజ్ఞత ఎవరికంటే, మా అత్తయ్యకి, మైకులో మాట్లాడే ఒకావిడకి, ఇంకా పాడైపోయిన ఒక అర జెల్‌కి. నవ్వకండి. బాగున్న జెల్ ఏళ్ళ తరబడి చేయని మేలు నాకు ఆ పాడైపోయిన జెల్ చేసింది.

ఆవిడ మొదటిసారి క్లినిక్‌కి వచ్చినరోజు నేను కిందనే ఉన్నాను. గుమ్మంలో నిలబడి "నమస్కారమండీ, డాక్టరు గారు ఉన్నారా?" అంది. బెంచీ మీద కూర్చున్న నలుగురూ ఒక్కసారి తలెత్తి, సంచులు సర్దుకుని లేవబోయారు. తమ బస్సు వచ్చిందనుకున్నారు పాపం. ఆ గొంతు ఊరందరికీ తెలుసు. బస్టాండులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో, ఏది ఆలస్యమో చెప్పే గొంతు అది. ముప్పై ఏళ్ళుగా ఊరు ఊరంతా ఆ గొంతు వెంట పరిగెత్తింది. ఆ మనిషిని మాత్రం ఎవరూ చూడలేదు. నేనూ ఆరోజే చూశాను. నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుతోంది. మేమంతా అనౌన్సరమ్మ అని పేరు పెట్టేసుకున్నాం.

ఆయన చూసి, పళ్ళలో ఏ జబ్బూ లేదని, వయసుతో టీ మరకలతో వచ్చిన పసుపేనని, ఇంటి దగ్గరే జెల్ పెట్టుకుంటే సరిపోతుందని చెప్పి నాకప్పగించారు. పళ్ళ అచ్చు తీసి, దాని మీద పల్చటి తొడుగు చేసి, అందులో జెల్ ఎంత వెయ్యాలో, ఎలా దాచుకోవాలో చెప్పే పని నాది. "తీసుకెళ్ళగానే ఫ్రిజ్‌లో పెట్టండమ్మా. తలుపులో వద్దు, పై అరలో వద్దు. కిటికీలో, పొయ్యి పక్కన అస్సలు వద్దు. వాడాక మూత గట్టిగా పెట్టండి. పెట్టుకునే ముందు కాసేపు బయట ఉంచితే చాలు," అని నా పాఠం అప్పజెప్పాను. ఆవిడ ప్రతి మాటనీ పెదాలు కదుపుతూ తిరిగి చెప్పుకుంది, వృత్తి ధర్మం.

"అంత శ్రద్ధగా వింటున్నారు, ఏమైనా వేడుకుందా?" అని అడిగాను.

"వేడుకేం లేదమ్మా. కొత్తగా చేరే ఆడపిల్లలకి నన్ను పాఠం చెప్పమన్నారు. ఇన్నాళ్ళూ అద్దాల గదిలో మైకు ముందు కూర్చున్నాను, నన్ను చూసేవాళ్ళు లేరు. ఇప్పుడు బోర్డు ముందు నిలబడి నోరు తెరిచి మాట్లాడాలి. నోరెలా తెరవాలో చూపించకపోతే వాళ్ళు నేర్చుకోలేరు కదా." చేతి వెనక నుంచే ఇంకో మాట అంది. "పెళ్ళైన కొత్తలో ఒకసారి పగలబడి నవ్వాను. మా ఆయన పదిమందిలో 'దీని గొంతు వినడానికి బాగుంటుంది, చూస్తూ వినకూడదు,' అన్నారు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, చెయ్యి అడ్డం పెట్టుకుని. అప్పుడు పెట్టిన చెయ్యి. మనిషి పోయి మూడేళ్ళయింది, చెయ్యి ఇంకా దిగలేదు."

మనకి ఎవరో ఎప్పుడో ఊసుపోక అన్న మాట, అన్నవాళ్ళకి సాయంత్రానికల్లా గుర్తుండదు. మనం మాత్రం దాన్ని గడువు తీరకుండా, మూత ఊడకుండా, చల్లగా చీకట్లో భద్రంగా దాచుకుంటాం. నేనూ దాచుకున్నవి ఉన్నాయి. "నీ ప్రాక్టీసు ఎప్పుడో తుప్పుపట్టింది, ఇప్పుడు పటకారు పట్టుకుంటే పేషెంటు పారిపోతాడు," అన్నది ఒకటి. అదీ భోజనాల దగ్గర, సరదాకి. రిజిస్ట్రేషన్ గడువు వచ్చినప్పుడల్లా నేను మర్చిపోకుండా రెన్యూ చేయించుకుంటుంటే, "గోడకి తగిలించుకుంటావా, లేక అప్పడాల కర్రకి చుట్టుకుంటావా?" అన్నది ఇంకొకటి. ఆయన చెడ్డవారు కాదు. చెడ్డవారైతే ఆ మాటల్ని ఏనాడో బయట పారేసి ఉందును. మంచివాళ్ళ మాటలే పారేయడానికి చేతులు రావు.

చెప్పిన గడువుకి అనౌన్సరమ్మ మళ్ళీ వచ్చింది. చెయ్యి అలాగే ఉంది. "ఒక్కరోజు కూడా మానలేదండీ. ఏమీ తేడా కనబడలేదు," అంది. ఆ మాట అంటుంటే ఊరంతటినీ పరిగెత్తించిన గొంతు కాస్తా పీలగా వచ్చింది. ఆయన రంగులు సరిపోల్చే పింగాణీ పళ్ళ వరసని ఆవిడ పళ్ళ పక్కన పెట్టి చూశారు. నేను వెనక నుంచి చూశాను. మొదటిరోజు ఏ పన్నుతో సరిపోయిందో ఇప్పుడూ అదే పన్ను. ఇసుమంత కూడా కదల్లేదు.

"కొందరి పళ్ళ తత్వం అంతేనమ్మా. లోపలి రంగు. మందు మాత్రం ఏం చేస్తుంది?" అన్నారాయన. "లేదా ఇంట్లో సరిగ్గా పెట్టలేదేమో. ఇంకో పెట్టె వాడి చూడండి. ఎల్లుండి రండి, ఇప్పిస్తాను."

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నాకు. ఆవిడ పళ్ళది లోపలి రంగు కాదు, అది నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. ఆవిడ దాచుకోవడంలో తప్పుంటుందంటే నేను నమ్మను. బస్సు నిమిషం ఆలస్యమైతే ఊరందరికీ క్షమాపణ చెప్పే మనిషి మూత పెట్టడం మర్చిపోదు. నేను పైకి వెళ్ళి, మధ్య అరలోంచి విప్పని పెట్టె ఒకటి తీసి, సిరంజి మూత తీసి వేలి మీద నొక్కి చూశాను. చిక్కగా, వేలిని పట్టుకుని నిలబడాల్సిన జెల్ నీళ్ళలా జారి మణికట్టు దాకా వచ్చింది. లోపల సన్నటి బుడగలు. మందు విరిగిపోయింది. అంటే అది ఇక ఏ పన్నునీ తెల్లబరచదు. గడువు చూశాను. ఇంకా బోలెడుంది. మిగిలిన పెట్టెలన్నీ విప్పాను, అన్నీ అంతే. ఆయనకి చూపించాలని మళ్ళీ అదే వరసలో పెట్టేశాను.

భోజనానికి పైకి వచ్చినప్పుడు ఆయనకి చూపించాను. కోపం వచ్చింది, న్యాయంగానే. కానీ ఆ కోపం వెళ్ళి వాలే కొమ్మ ఎప్పుడూ ఒకటే.

"ఒక్క ఫ్రిజ్. ఒకే ఒక్క ఫ్రిజ్. అది కూడా చూసుకోలేకపోతే పొద్దస్తమానం ఇంట్లో ఉండి ఏం చేస్తున్నట్టు? నువ్వూ చదువుకున్నదానివేగా?"

"నేను సరిగ్గానే పెట్టానండీ. ఎలా పాడయ్యాయో నాకూ అర్థం కావడం లేదు," అన్నాను.

"గడువుంది కదా ఇంకా!"

"పెట్టె మీద గడువు సరిగ్గా దాచినప్పటి మాట. వేడి తగిలితే గడువు చూసుకుని ఆగదు అది."

"నాకు పాఠాలు చెప్పకు. ఆవిడకి మాత్రం ఈ సంగతి చెప్పకు. కొత్త పెట్టె ఒకటి తెప్పించి ఇద్దాం, తెల్లబడితే తెల్లబడతాయి. పేషెంటుకి ఏం తెలుస్తుంది?"

పక్క గదిలో అత్తయ్య దగ్గు వినబడింది. నేను కంచాలు తీసేశాను. ఏళ్ళ తరబడి నేను ఎన్నో పంటి బిగువున మింగాను, నిజంగా. కానీ ఆరోజు నా సంగతి కన్నా ఆవిడ సంగతే నన్ను తినేసింది. మొగుడు పోయి మూడేళ్ళకి ధైర్యం కూడగట్టుకుని నోరు తెరిచిన మనిషికి, మళ్ళీ "తప్పు నీ పళ్ళదే" అని చెప్పి పంపాం. మేము పళ్ళు బాగుచేసేవాళ్ళం. ఆ మాటతో ఆవిడ బోర్డు ముందు ఎలా నిలబడుతుంది? ఆవిడకి నిజం చెప్పాలి. చెబితే ఈ ఇంట్లో ఏమవుతుందో తెలియదు. చెప్పకపోతే నాలో మిగిలిన ఆ కాస్త డాక్టరూ ఇక ఉండదని మాత్రం తెలుసు.

మర్నాడు మామూలుగానే పరికరాలు సర్దడానికి కిందికి దిగాను. కళ్ళజోడు మర్చిపోయానని మళ్ళీ పైకి వచ్చాను. వంటింట్లో పొయ్యి మీద కుక్కరు ఉంది. దాని పక్కన వెడల్పాటి స్టీలు పళ్ళెంలో నా అట్టపెట్టెలు వరసగా పడుకుని ఉన్నాయి, పైన చంటిపిల్లకి కప్పినట్టు మెత్తటి తువ్వాలు. అత్తయ్య ముక్కాలిపీట మీద కూర్చుని వాటికి కాపలా కాస్తోంది.

"అయ్యో, కనిపెట్టేశావా," అంది, చిన్నపిల్లలా నవ్వి.

"ఏంటత్తయ్యా ఇది?"

"చలి విడిపిస్తున్నానమ్మాయ్. కింద బెంచీ మీద కూర్చుంటానా, ప్రతివాళ్ళూ బయటికొచ్చి 'పళ్ళు జివ్వుమన్నాయి, జివ్వుమన్నాయి' అంటారు. ఫ్రిజ్‌లోంచి తీసింది పళ్ళకి పూస్తే జివ్వుమనక ఏమవుతుంది? మీరిద్దరూ చదువుకున్నారు కానీ ఈ మాత్రం తోచలేదు. నువ్వు కిందికి పంపే ముందు కాసేపు బయట ఉంచుతావు, నేను చూశాను. ఆ కాసేపు చాలడం లేదని, నేను పొద్దున్నే తీసి ఇక్కడ పెడుతున్నాను. నువ్వు భోజనానికి వచ్చేలోపు మళ్ళీ నీ వరసలోనే పెట్టేస్తాను. ముందువి ముందు, వెనకవి వెనక. ఒక్కటి కూడా తారుమారు చేయలేదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఎండలు పోయిన దగ్గర్నుంచి. నీకు పని ఎక్కువైందని, చెప్తే ఇది కూడా నువ్వే నెత్తిన వేసుకుంటావని చెప్పలేదు."

నేను అక్కడే నేల మీద కూలబడి నవ్వాను. నవ్వో ఏడుపో నాకే తెలియలేదు. నా పనిలో పాలుపంచుకోవాలని ఈ ఇంట్లో ఒక మనిషికి అనిపించింది. ఆ ఒక్క మనిషీ చేసిన సాయానికి అర అంతా నాశనమైంది. అయినా సరే, ఆ క్షణంలో ఆవిడ మీద నాకు కలిగింది కోపం కాదు. నా వరస ఆవిడకి కంఠతా వచ్చు. నేను చేసే పనిని పనిలా చూసి, ఏది ముందో ఏది వెనకో గమనించిన మనిషి ఆవిడొక్కతే. ఆ ఒక్క సంగతికే నా కళ్ళు నిండాయి.

మెల్లగా చెప్పాను, వేడికి మందు విరిగిపోతుందని, జివ్వుమనడం చలి వల్ల కాదని, అది మందు స్వభావమని, కాస్త ఉండి అదే పోతుందని. అత్తయ్య ముఖం వాడిపోయింది. తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అయితే నిన్న వాడు నిన్ను అన్ని మాటలన్నది దీనికా?"

నేను పళ్ళెంలోంచి పెట్టెలు ఒక్కొక్కటే ఏరాను.

"పడ్డావు. నోరెత్తకుండా పడ్డావు."

"అలవాటేగా అత్తయ్యా."

"అలవాటు పడమని నీకు ఎవరు చెప్పారు?" అని కసిరింది. అని, కాసేపు కుక్కరు వైపు చూస్తూ కూర్చుంది. "నేనే చెప్పి ఉంటాను. కొత్తలో. నాకు మా అత్తగారు చెప్పింది నీకు అలాగే అందించి ఉంటాను," అంది. కుక్కరు కూత వేసింది. ఇద్దరం లేవలేదు.

ఆ మర్నాడు అనౌన్సరమ్మ వచ్చింది. ఆయన అప్పుడే ఒక పేషెంటుని పంపి చేతులు తుడుచుకుంటున్నారు. "రండమ్మా, కొత్త పెట్టె ఇస్తాను. చెప్పాగా, కొందరి పళ్ళ తత్వం..." అని మొదలుపెట్టారు. నేను గదిలోకి వెళ్ళి ఆవిడ ఎదురుగా నిలబడ్డాను.

"తప్పు మీ పళ్ళది కాదమ్మా," అన్నాను. "మేము మీకిచ్చిన జెల్ ముందే పాడైపోయింది. మా దగ్గర వేడి తగిలింది. మీరు సరిగ్గానే వాడారు. మీ పళ్ళు మంచి పళ్ళు, బాగా తెల్లబడతాయి. తప్పు మాదే."

ఆయన నా వైపు చూసిన చూపు నాకు తెలుసు. ఆ చూపు తర్వాత పైన ఏ మాటలు వస్తాయో కూడా తెలుసు. ఈలోగా బెంచీ మీద నుంచి అత్తయ్య లేచింది. మోకాళ్ళు పట్టుకుని, తలుపు పట్టుకుని లోపలికి వచ్చింది.

"మాది అంటుందేంటి, నాది. పొయ్యి పక్కన పెట్టింది నేనమ్మా. పళ్ళకి జివ్వుమనకూడదని పెట్టాను. ఈ అమ్మాయికి తెలియదు."

ఆయన తెల్లబోయారు. "నువ్వా? సరేలే, పోనీలే. నువ్వు పైకి పదమ్మా."

"పోనీలే కాదురా. మొన్న దీన్ని ఏమన్నావో అదే మాట నన్ననూ."

"అమ్మా, ఇప్పుడెందుకవన్నీ..."

"'ఒక్క ఫ్రిజ్ కూడా చూసుకోలేవా, ఇంట్లో ఉండి ఏం చేస్తున్నట్టు' అనూ. తప్పు చేసింది నేనే కదా. ఆ గొంతుతోనే అనూ."

ఆయన ఆరిపోయిన చేతుల్నే మళ్ళీ తుడుచుకున్నారు.

"చూశావా, నన్ను అనలేకపోయావు. తెలియక చేశానని నాకు పోనీలే అన్నావు. ఏమీ చేయనిదాన్ని మాత్రం అన్నావు," అంది అత్తయ్య. కేక లేదు, ఏడుపు లేదు. ఉప్పు సరిపోలేదని చెప్పినట్టు చెప్పింది. చెప్పి వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. నాకు ఆవిడ కాళ్ళ మీద పడాలనిపించింది. ఈ ఇంట్లో నేను ఎన్నో ఏళ్ళుగా నాకు నేనే చెప్పుకుంటూ వచ్చిన మాట ఒక్కసారైనా ఇంకొకరి నోటి వెంట వింటాననుకోలేదు.

అనౌన్సరమ్మ నా వైపే చూస్తోంది. "ఇందాక మీరన్నారే, తప్పు నా పళ్ళది కాదని. ఆ మాట ఇంకోసారి అనండి," అంది. అన్నాను. "చాలమ్మా. తెల్లబడకపోయినా ఫరవాలేదు నాకిప్పుడు. కానీ తెల్లబరిచేదేదో మీరే తెల్లబరచండి. ఇంత ఖచ్చితంగా చెప్పారంటే ఈ పని మీకు తెలుసు."

"తెలుసు," అన్నాను. "నేనూ డాక్టర్నే."

ఆ మాట నోటి నుంచి వచ్చాక చేయాల్సినవి వాటంతటవే తోచాయి. నా కుర్చీ మీది దూది పెట్టెలూ పత్రికలూ ఫ్యానూ నేనే దింపాను. తుడిచాను. తోలు కాస్త పగిలింది తప్ప కుర్చీ దివ్యంగా ఉంది, మీట నొక్కితే బుద్ధిగా వెనక్కి వాలింది. కొత్త జెల్ తెప్పించాను. ఆవిడ పాఠం చెప్పే రోజుకి ముందుగా పిలిచి, చిగుళ్ళకి అడ్డు పెట్టి, పన్ను పన్నుకీ జెల్ వేశాను. మొదట్లో వేళ్ళు కాస్త తడబడ్డాయి. తర్వాత అవి నన్ను అడగడం మానేసి వాటి పని అవి చూసుకున్నాయి. తుప్పు పట్టిందన్నారు కదా, ఎక్కడా పట్టలేదు. నన్ను ఎవరూ పాడుచేయలేదు, మరీ జాగ్రత్తగా లోపల పెట్టేశారంతే. జెల్ కడిగేసి, పింగాణీ పళ్ళ వరస పక్కన పెట్టి, అద్దం ఇచ్చాను. ఆవిడ చాలాసేపు చూసుకుంది. నోటికి అడ్డం పెట్టే ఆ చేత్తోనే నా చెయ్యి పట్టుకుంది.

ఆయన రెండు రోజులు ముభావంగా ఉన్నారు. మూడోరోజు పొద్దున కాఫీ తాగుతూ, "అయితే ఇక రోజూ దిగుతావా కిందికి?" అన్నారు.

"పొద్దుటి పూట పేషెంట్లని నేను చూస్తాను. సాయంత్రం మీరు."

"మరి ఇల్లు?"

"ఇల్లు ఇద్దరిదీ కదండీ. పొద్దున మీకు తీరికేగా."

గొంతులో కాఫీ అడ్డం పడింది పాపం. "మరి ఆ జెల్ పెట్టెలు ఎవరు చూస్తారు?"

"క్లినిక్‌కి ఇంకో ఫ్రిజ్ తీసుకోవాలి."

"పైన ఉందిగా..." అనబోయి, మాట సగంలో ఆపేశారు. అది ఆయన తనంతట తాను ఆపిన మొదటి మాట. నేను దానికి కూడా కృతజ్ఞురాలినే. మనుషులు ఒక్కరోజులో మారరు. మాట సగంలో ఆగడం కూడా తక్కువేం కాదు. ఆ వారమే కింద కొత్త ఫ్రిజ్ వచ్చింది. దాంట్లో పెట్టెలు సర్దడం ఆయనకి నేర్పించాను. గడువు ముందు తీరేవి వెనక్కి పెట్టి, తర్వాతివి ముందుకి పెట్టారు. మళ్ళీ చెప్పాను. నేర్చుకుంటారు, తెలివైనవారే. అత్తయ్య పన్నుకి ఎప్పటి నుంచో ఉన్న గుంత నేనే పూడ్చాను. నోరు తెరుచుకునే "నీ చెయ్యి వాడి చెయ్యి కంటే తేలికమ్మాయ్," అని చెప్పాలని చూసింది. మాట ఒక్కటీ స్పష్టంగా రాకపోయినా నాకు అర్థమైంది.

మొదట్లో వచ్చినవాళ్ళు నన్ను చూసి "డాక్టరు గారు లేరా?" అని అడిగేవారు. నేను "ఉన్నారు, కూర్చోండి," అని గ్లవ్స్ తొడుక్కునేదాన్ని. కొందరు కూర్చునేవారు, కొందరు సాయంత్రం వస్తామని వెళ్ళిపోయేవారు. వెళ్ళినవాళ్ళని చూసి బాధపడలేదని అబద్ధం చెప్పను. కానీ కూర్చున్నవాళ్ళు నొప్పి తగ్గి వెళ్తూ మెట్ల మీద నుంచి వెనక్కి తిరిగి చెయ్యి ఊపేవారు. అది చాలా రోజులు సరిపోయేది.

నిన్న మధ్యాహ్నం ఇద్దరం కిందనే ఉన్నాం. నేను ఒక పెద్దాయనకి కట్టుడు పళ్ళ కొలత తీసుకుంటున్నాను, మా ఆయన బల్ల దగ్గర కూర్చుని ఏదో రాసుకుంటున్నారు. ఫోన్ మోగింది. ఆయనే తీశారు. గొంతు గది అంతా వినబడింది. ఊరందరికీ తెలిసిన గొంతు, పదం పదం విడివిడిగా, ఎక్కడా అడ్డం లేకుండా.

"డాక్టరు గారు ఉన్నారా అండీ? మా క్లాసులో పిల్లలు ముగ్గురు వస్తామంటున్నారు."

"నేనే మాట్లాడుతున్నాను, చెప్పండమ్మా," అన్నారాయన.

"మీరు కాదండీ," అంది ఆవిడ. "డాక్టరు గారు."

ఆయన లేచి, ఫోన్ నా వైపు చాచి, "నీకు," అన్నారు.